అమరావతి రాళ్ల దగ్గర మన పిల్లలకు పని ఇప్పించండి

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు ఒక బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, సభ్యులందరికీ నమస్కారం.

పోయిన చలికాలంలో ఒకరోజు రాత్రి పది దాటాక ఫోన్ మోగింది. "అక్కా, నువ్వైనా మావాడికి కాస్త గట్టిగా చెప్పు" అన్నాడు అవతలి నుంచి. పిడుగురాళ్ల నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న తమ్ముడు. చుట్టరికం ఏమీ లేదు, పక్క పక్క ఊళ్లవాళ్లం. ఊరు కాని ఊళ్లో ఆ మాత్రం చాలు. అతని కొడుక్కి పద్దెనిమిదేళ్లు. మన ఇంటర్ లాంటి ఎ లెవెల్స్‌లో కెమిస్ట్రీ, మ్యాథ్స్, హిస్టరీ చదువుతున్నాడు. యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు ఇంట్లో అనుకున్నట్టు కంప్యూటర్ సైన్స్ పెట్టకుండా కన్జర్వేషన్ అనే కోర్సు పెట్టాడట. పాత వస్తువులు పాడవకుండా కాపాడే చదువు అది.

"మ్యూజియంలో పనంటే ఏముందక్కా, గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చోవడమేగా? దానికోసమా వీణ్ని ఇంత చదివించింది?" అన్నాడు.

నేనూ మ్యూజియంలోనే పని చేస్తానని తెలిసే అడిగాడు. నా జీతం ఎంతో, ఎన్నేళ్లుగా ఏ మెట్టు మీద ఉన్నానో అతనికి తెలుసు. అందుకే నాకు కోపం రాలేదు. "శనివారం ఇద్దరూ బ్రిటిష్ మ్యూజియానికి రండి, అక్కడ మాట్లాడుకుందాం" అన్నాను.

ఆ శనివారం జరిగింది మీకు చెప్పాలి. ఈ లేఖ పుట్టింది అక్కడే.

బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ అని ఒక గది ఉంది. అద్దాల వెనక అమరావతి స్తూపం రాళ్లు ఉంటాయి. టికెట్ అక్కర్లేదు. ఇరవై ఏళ్లు లండన్‌లో ఉండి కూడా మా తమ్ముడు ఆ గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. కోహినూరు చూడటానికి టవర్ ఆఫ్ లండన్‌కు మాత్రం ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ తీసుకెళ్లాడట. తప్పు పట్టడం లేదు, మనందరం చేసేది అదే. కోహినూరు కొల్లూరు గనిదని చెప్పుకుని బాధపడతాం. అదే కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన దాదాపు 120 రాళ్లు ఈ మ్యూజియం దగ్గర ఉన్నాయని, గదిలో పెట్టినవి ఉచితంగా చూడవచ్చని మన పిల్లలకు చెప్పం.

లోపలికి వెళ్లాక అతను బొమ్మల వైపు చూడలేదు. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి రాయి అంచు చూశాడు, విరిగిన చోట. "అక్కా, ఇది మన రాయే" అన్నాడు. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో పని చేశాడు. ఏ రాయి బాగా కాలుతుందో, ఏది పగిలి పొరలు పొరలుగా ఊడుతుందో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. పుస్తకాల్లో పాలరాయి అని రాస్తారు కానీ, మన ఇళ్లలో పరిచే నాపరాళ్ల బంధువే అది. కొడుక్కి చెప్పడం మొదలుపెట్టాడు. ఈ రాయిని ఎలా పగలగొడతారు, ఎంత సేపు కాలుస్తారు, నీళ్లు పోస్తే ఎలా ఉడుకుతుంది. పిల్లవాడు తనకు తెలిసింది చెప్పాడు. గాల్లో తేమను రాయి ఎలా పీలుస్తుంది, లోపలి ఉప్పు పైకి వచ్చి చెక్కుడును ఎలా తినేస్తుంది, పొగ నిండిన ఊళ్లో సున్నపురాయికి ఎందుకు ప్రమాదం, అందుకే అద్దాల గది ఎందుకు కట్టాల్సి వచ్చింది. చాలా ఏళ్లు జనం కంటబడకుండా ఉన్న ఈ రాళ్లు 1992లో ఈ అద్దాల గదిలోకి వచ్చాయి. తండ్రీ కొడుకులు అరగంట సేపు ఒక రాయి గురించి మాట్లాడుకున్నారు. తండ్రి తెలుగులో, కొడుకు సగం ఇంగ్లీషులో.

అమరావతి రాళ్లను కూడా చాలా వాటిని సున్నానికి కాల్చేశారని నేను చెప్పాక, అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ గదిలో నాకు బాగా ఇష్టమైన పలక ఒకటి ఉంది. రెండు వైపులా చెక్కిన రాయి. ఒకవైపు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడి బొమ్మ ఉండదు, ఖాళీ ఆసనమే ఆయన. మూడు వందల ఏళ్లు దాటాక ఎవరో అదే రాయిని తిప్పి, రెండోవైపు స్తూపాన్నే చెక్కారు, కంచెతో సహా, సింహాలతో సహా. ఇప్పుడు అమరావతిలో స్తూపం దిబ్బ మాత్రమే మిగిలింది. అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే. ముందుతరం చెక్కిన రాయినే తరువాతితరం తిప్పి తన కాలానికి తగినట్టు చెక్కుకుంది. పిల్లవాడు ఆ పలక చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో మీలో కొందరికి తెలుసు. 1797లో కాలిన్ మెకంజీ అనే స్కాట్లాండ్ సైనికాధికారి అమరావతి దిబ్బను చూశాడు. అప్పటికే అక్కడి రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చాడు. 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. ఎక్కడెక్కడో పడి ఉండి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

తక్కువగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. మెకంజీకి తెలుగు రాదు, సంస్కృతం రాదు. మరి దక్షిణ భారతమంతటా శాసనాలు, ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు, తాళపత్రాలు ఎవరు పోగుచేశారు? ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వాళ్లలో కావలి వెంకట బొర్రయ్య 1776లో పుట్టాడు. మెకంజీ దగ్గర చేరేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఊరూరా తిరిగాడు, పండితులను మాట్లాడించాడు, ఎవరూ చదవలేకపోతున్న పాత కన్నడ లిపి శాసనాలను చదివించగలిగే దారి కనిపెట్టాడు. 1803లో పోయేనాటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. ఈరోజు మనం 'హెరిటేజ్ రంగంలో యువత' అంటున్నామే, ఆ మాట పుట్టకముందే ఆ పని చేసి చూపించిన తెలుగు కుర్రాడు ఆయన.

తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మెకంజీ 1821లో చనిపోయాడు. పోగుచేసిందంతా సగంలో ఆగింది. ఏ కట్టలో ఏముందో లక్ష్మయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పని కొనసాగించే అవకాశం ఇవ్వండని అడిగాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వద్దంది. సమాచారం సేకరించడం వేరు, దాని విలువ తూచి సారం తీయడం వేరు, అంతటి పనిని నడపడానికి 'మాస్టర్ హెడ్' ఒకటి కావాలి అన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ తల లక్ష్మయ్యది కాదని తేల్చేశారు. పని ఒక పాదిరీ చేతికి వెళ్లింది.

బ్రిటిష్ లైబ్రరీ దగ్గర ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది. థామస్ హికీ 1816లో వేసింది. ఎర్రకోటు వేసుకుని మెకంజీ మధ్యలో నిలబడి ఉంటాడు. తాళపత్రం పట్టుకుని ఒక జైన పండితుడు, దుర్భిణి పట్టుకుని ఒక బంట్రోతు, ఇంకొకరు. ఆ మూడో ఆయన లక్ష్మయ్యే అని చెబుతారు. వెలుగంతా ఎర్రకోటు మీద పడుతుంది.

నేను ఈ దేశంలో మ్యూజియం ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది. ఎక్కడ పని చేశానో పేరు రాయను, ఒక్క చోటును వేలెత్తి చూపించడం నా ఉద్దేశం కాదు. నేను చూసింది చెబుతాను. ఉదయం తలుపులు తీసేవాళ్లలో, బ్యాగులు తనిఖీ చేసేవాళ్లలో, గదుల్లో నిలబడేవాళ్లలో, కెఫేలో, శుభ్రం చేసేవాళ్లలో మనలాంటి ముఖాలు చాలా కనిపిస్తాయి. ఆఫ్రికా, కరీబియన్, బంగ్లాదేశ్, మన దేశం. లిఫ్ట్ ఎక్కి పై అంతస్తులో ఏ వస్తువు బయట పెట్టాలి, దాని పక్కన ఏ మాట రాయాలి అని నిర్ణయించే గదిలోకి వెళ్తే ఆ ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడ మనందరినీ కలిపి 'పీపుల్ ఆఫ్ కలర్' అంటారు. కింద అంతస్తులో ఆ మాట అవసరమే రాదు, మేమే ఎక్కువ కాబట్టి.

నేను నాలుగుసార్లు పై ఉద్యోగానికి అప్లై చేశాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు, కలెక్షన్లతో, అంటే మ్యూజియం భద్రపరిచే వస్తువులతో, పని చేసిన అనుభవం చాలదు అని. ఆ అనుభవం ఎక్కడ వస్తుంది? వాలంటీర్‌గా చేస్తే వస్తుంది. వారానికి రెండు మూడు రోజులు, నెలల తరబడి, జీతం లేకుండా. లండన్‌లో అద్దె కడుతూ, పిల్లలను స్కూలు నుంచి తెచ్చుకుంటూ నేనది చేయలేకపోయాను. చేయగలిగినవాళ్లు ఎవరంటే, అమ్మానాన్నలకు ఊళ్లో ఇల్లు ఉన్నవాళ్లు. నాతో పాటు చేరిన ఒక సోమాలీ అమ్మాయి నాకంటే బాగా రాసేది, మూడు భాషలు మాట్లాడేది. రెండేళ్లు చూసి కౌన్సిల్ ఆఫీసులో ఉద్యోగానికి వెళ్లిపోయింది. "నాకు ఇష్టమైన పని చేయడానికి నా దగ్గర డబ్బు లేదు" అంది వెళ్లేరోజు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం నీళ్లలో పడేశాక, ఈ దేశంలో ఎన్నో మ్యూజియాలు ప్రకటనలు ఇచ్చాయి. మారతాం అన్నాయి. కొన్ని నిజంగానే మారే ప్రయత్నం చేశాయి, కాదనను. మాంచెస్టర్ మ్యూజియంలో 2023 ఫిబ్రవరిలో తెరిచిన సౌత్ ఏషియా గ్యాలరీ చూడండి. బ్రిటిష్ మ్యూజియంతో కలిసి చేసింది. ఏం పెట్టాలి, ఎలా చెప్పాలి అన్నది ముప్పై మంది కలిసి తేల్చారు. కళాకారులు, టీచర్లు, చరిత్ర చదివినవాళ్లు, సంగీతకారులు, అందరూ దక్షిణాసియా మూలాలున్నవాళ్లు. అక్కడ రంగు రంగుల రిక్షా ఒకటి ఉంది, పిల్లలు దాని ముందు నుంచి కదలరు. అంతకుముందు, లాటరీ డబ్బుతో వారసత్వ పనులకు సాయం చేసే లాటరీ హెరిటేజ్ ఫండ్ 'కిక్ ద డస్ట్' పేరుతో కోటి పౌండ్లు యువత కోసం పెట్టింది. బర్మింగ్‌హామ్‌లో 'డోంట్ సెటిల్' అనే పథకం ఆ డబ్బుతోనే శ్వేతేతర యువతను వారసత్వ రంగంలోకి తెచ్చింది. మంచి పనులే. కానీ ఇవి గ్రాంటు మీద నడుస్తాయి. గ్రాంటు అయిపోయిన రోజు పిల్లల చేతికి సర్టిఫికెట్ వస్తుంది, ఉద్యోగం రాదు.

మ్యూజియాలు ఏం చేయాలో నేను వాళ్లకు ఇంగ్లీషులో వేరే రాస్తాను, ఇంతకుముందు కూడా రాశాను. జీతం లేని పనిని అర్హతగా లెక్కపెట్టడం మానాలి. ప్రవేశస్థాయి ఉద్యోగానికి పీజీ డిగ్రీ అడగడం మానాలి. 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం, ఎవరు తక్కువగా ఉన్నారో వాళ్లకు శిక్షణలో ప్రత్యేకంగా చేయూత ఇవ్వవచ్చు. పాజిటివ్ యాక్షన్ అంటారు. మన రిజర్వేషన్ లాంటిది కాదు, ఉద్యోగాలు పక్కన పెట్టడం ఉండదు, కానీ జీతంతో శిక్షణ ఇవ్వడానికి అడ్డు లేదు. మ్యూజియమ్స్ అసోసియేషన్ 1998లోనే 'డైవర్సిఫై' పేరుతో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. చట్టం ఉంది, అనుభవమూ ఉంది. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది.

ఇప్పుడు మీతో మాట్లాడతాను. తెలుగులో రాస్తున్నది మీకోసమే కాబట్టి.

సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు మీరు ఎంత కష్టపడతారో నాకు తెలుసు. వంటల దగ్గర నేనూ నిలబడ్డాను. హాలు అద్దె, సౌండ్, హైదరాబాద్ నుంచి వచ్చే గాయనీగాయకుల విమానం టికెట్లు, హోటల్, ఆ బిల్లులు కోశాధికారులకు తెలుసు. ఆ సంబరం వద్దనడం లేదు. చలిలో, చీకట్లో ఏడాదంతా పని చేసే మనుషులకు ఆ ఒక్క సాయంత్రం ప్రాణం లేచివస్తుంది. నేను అడిగేది ఆ లెక్కల పుస్తకంలో ఇంకొక్క పద్దు.

లెక్క చెబుతాను. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కనీస వేతనం, 21 ఏళ్లు నిండినవారికి గంటకు 12.21 పౌండ్లు ఉండేది. ఆ లెక్కనే చూద్దాం. వారానికి 35 గంటలు, 26 వారాలు. అంటే ఆరు నెలల పని. గుణిస్తే 11,111 పౌండ్లు. మన పద్ధతిలో పదకొండు వేల నూట పదహార్లు అనుకోండి. ఒక సంఘానికి భారం కావచ్చు. ఐదారు సంఘాలు కలిస్తే కాదు. ఆ డబ్బుతో ఏటా ఒక్క యువకుడో యువతో, ఒక మ్యూజియంలోనో ఆర్కైవ్‌లోనో థియేటర్‌లోనో ఆరు నెలలు జీతంతో పని నేర్చుకుంటారు. పెన్షన్, ఇన్సూరెన్స్ లాంటివి ఆ సంస్థ పెట్టుకోవాలి. ఒప్పందంలో ఒక మాట తప్పకుండా రాయించండి, పని కలెక్షన్ల మీదే ఉండాలి. పెట్టెలు మోయించడానికి, పండగ రోజు బొట్టు పెట్టించి ఫోటోలు తీయించడానికి కాదు. ఆ ఆరు నెలల్లో రాసిన లేబుల్ మీదో కేటలాగ్‌లోనో ఆ పిల్లల పేరు ఉండాలి. లక్ష్మయ్యకు జరిగింది మళ్లీ జరగకూడదు.

ఆ ఒక్క చోటు తెలుగు పిల్లలకే కేటాయించవద్దని నా మనవి. ఇది మీలో కొందరికి నచ్చదని తెలుసు. మన డబ్బు, మన పిల్లలకు ఎందుకు కాకూడదు అంటారు. ఆలోచించండి. ఈ దేశంలో మనకు తలుపులు తీసింది మనం కాదు. 1976లో లండన్‌లోని సౌతాల్‌లో గురుదీప్ సింగ్ ఛగ్గర్ అనే కుర్రాణ్ని జాతి ద్వేషంతో చంపేస్తే, ఆ కోపంలోంచి మరుసటేడు తారా ఆర్ట్స్ అనే నాటక సంస్థ పుట్టింది. మన ముఖాలున్న నటులకు వేదిక దొరికింది. తమ చరిత్ర ఎవరూ దాచిపెట్టడం లేదని గ్రహించిన కరీబియన్, ఆఫ్రికన్ కుటుంబాలు 1981లో బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్ మొదలుపెట్టి, ఉత్తరాలు, ఫోటోలు, కరపత్రాలు పోగుచేసుకుంటూ వచ్చాయి. 2014లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో దానికి సొంత భవనం తెరిచారు. మూడు దశాబ్దాల పట్టుదల. మనం వచ్చేసరికి ఆ దారి కొంతైనా చదునుగా ఉంది. ఆ సోమాలీ అమ్మాయికి ఆ చోటు దొరికినా అది మన పిల్లలకు దొరికినట్టేనని నేను నమ్ముతాను. ఒక ఏడు మన అబ్బాయి, మరో ఏడు వాళ్ల అమ్మాయి. అలా నడవనివ్వండి.

మన లోపలి సంగతి కూడా ఒకటి చెప్పాలి. మన వేదికల మీద కూచిపూడి, అన్నమయ్య కీర్తనలు, సినిమా పాటలు ఉంటాయి. డప్పు ఎన్నిసార్లు వినిపించింది? ఒగ్గుకథ? తోలుబొమ్మలాట? అమరావతి శాసనాల్లో దానాలు ఇచ్చినవాళ్ల పేర్లు ఉన్నాయి. వర్తకులు, భిక్షుణులు, ఇల్లాళ్లు. విధికుడు అనే చర్మకారుడు తన ఇంటివాళ్లతో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన పలక ఒకటి దానం చేశాడు. తోలుపని చేసే మనిషి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఆ పూర్ణఘటమే, మీ పొలం కాగితాల మీద కూడా చూసి ఉంటారు. మన వారసత్వం మొదటి నుంచీ ఒక వర్గం సొత్తు కాదు. ఇక్కడి మ్యూజియాల్లో మన పిల్లలకు చోటు కావాలని అడిగే ముందు, మన సంఘం వేదిక మీద మనలో అందరి పిల్లలకూ చోటుందా అని చూసుకుందాం. డప్పు వాయించే ఇంటి పిల్ల సంఘం ఫంక్షన్‌లో ఏ కులమో చెప్పాల్సి వస్తుందేమోనని టెన్షన్ పడకూడదు.

డబ్బు కాకుండా మీరు చేయగలిగింది ఇంకోటి ఉంది, ఎవరూ పట్టించుకోనిది. ఈ దేశంలో చిన్నా పెద్దా మ్యూజియాలకు ట్రస్టీల బోర్డులు ఉంటాయి. బ్రిటిష్ మ్యూజియం లాంటి వాటిలో ఎక్కువమందిని ప్రధానమంత్రి నియమిస్తారు, అది మన చేతిలో లేదు. కానీ మీ ఊరి మ్యూజియం, మీ కౌంటీ ఆర్కైవ్ ట్రస్టు ట్రస్టీలు కావాలని బహిరంగంగానే ప్రకటన ఇస్తుంది. వాళ్లకు లెక్కలు చూసేవాళ్లు కావాలి, ఐటీ తెలిసినవాళ్లు కావాలి, లాయర్లు కావాలి. మీలో ఎంతమంది చార్టర్డ్ అకౌంటెంట్లు ఉన్నారు? ఎంతమంది వందమంది టీమును నడుపుతున్నారు? బోర్డులో కూర్చుని "మన ఉద్యోగుల్లో ఏ స్థాయిలో ఎవరు ఉన్నారో లెక్క చూపించండి" అని ఒక్కరు ప్రతి మీటింగులోనూ అడిగితే చాలు, ఆ లెక్క తయారవుతుంది. ఒకసారి లెక్క తయారయ్యాక దాన్ని చూడనట్టు ఉండటం కష్టం.

తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఈ రంగంలో జీతాలు తక్కువే. సాఫ్ట్‌వేర్‌తో పోల్చనే కూడదు. స్టూడెంట్ వీసా మీద మన రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లల సంగతి మరీ కష్టం. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. కొత్తవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా, మ్యూజియంలో మొదటి ఉద్యోగం జీతం ఆ దరిదాపులకు రాదు. ఆ పిల్లలకు నేను అబద్ధపు ఆశ పెట్టను. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఆ అడ్డు లేదు, ఇంట్లో నాలుగేళ్లు ఓపిక పడితే చాలు. పైగా ఈ రంగమంటే బొమ్మలు గీయడం ఒక్కటే కాదు. కెమిస్ట్రీ చదివినవాళ్లు రాయిని, లోహాన్ని, గుడ్డను కాపాడతారు. కోడింగ్ వచ్చినవాళ్లు లక్షల వస్తువుల వివరాలు ఆన్‌లైన్‌లో పెడతారు. మాటకారులు స్కూలు పిల్లలకు చెబుతారు. జస్లీన్ కౌర్ అనే అమ్మాయి గ్లాస్గోలో సిక్కు కుటుంబంలో పుట్టింది. ఎర్ర ఫోర్డ్ ఎస్కార్ట్ కారు మీద పెద్ద క్రోషా అల్లిక గుడ్డ కప్పి చూపించింది, మన ఇళ్లలో టీవీ మీద కప్పుతామే అలాంటిది. ఆ ప్రదర్శనకే 2024లో, బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ వచ్చింది. మన ఇంటి వస్తువులకు కూడా ఈ దేశపు గ్యాలరీల్లో చోటుందని మన పిల్లలకు చూపించింది ఆమె.

మీ పిల్లలను తీసుకెళ్లడానికి ఒక చోటు చెబుతాను. తూర్పు లండన్‌లో ఒలింపిక్ పార్కు దగ్గర 2025 మే 31న వీఅండ్‌ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) వాళ్ల వీఅండ్‌ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ తెరిచారు. అక్కడ కావలసిన వస్తువును ముందుగా ఆర్డర్ చేసుకుంటే, తెచ్చి మీ ముందు బల్ల మీద పెడతారు. ప్రొఫెసర్ అయి ఉండాల్సిన పని లేదు, ఎవరైనా అడగవచ్చు. వీఅండ్‌ఏ దగ్గర కోరమాండల్ తీరం అద్దకాల గుడ్డలు చాలా ఉన్నాయి. మచిలీపట్నం వైపు చిరివేరుతో అద్దిన ఎరుపు రెండు మూడు వందల ఏళ్లు దాటినా ఎలా నిలిచిందో పిల్లలు దగ్గరగా చూడాలి. మీ అమ్మమ్మ పెట్టెలో ఉన్న కలంకారీ దుప్పటి గురించి అప్పుడు చెప్పండి. ఆ మాట లేబుల్ మీద దొరకదు, మీ దగ్గరే దొరుకుతుంది.

రాళ్లను తిరిగి ఇచ్చేయమని అడగరా అని కొందరు నన్ను నిలదీశారు. అడగాలి, నేనూ అడుగుతాను. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం మారనిదే వాళ్లు ఇవ్వలేరు, ఇస్తామని అనరు. ఆ పోరాటం ఎన్నేళ్లు పడుతుందో. ఈలోగా ఆ రాళ్ల గురించి మాట్లాడేది ఎవరు? వాటికి జబ్బు చేస్తే నయం చేసేది ఎవరు? ఒకనాడు అవి తిరిగి కృష్ణ ఒడ్డుకు బయలుదేరితే, పెట్టెల్లో ఎలా సర్దాలో తెలిసిన చేతుల్లో మన చేతులు ఉండవద్దా?

నేను అడిగినవి మీ వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో పెట్టండి. ఏ సంఘం ముందుకు వచ్చినా ఒప్పందం కాగితాలు తయారు చేయడానికి, మ్యూజియాలతో మాట్లాడటానికి నా సెలవు రోజులు ఇస్తాను. ప్రతి నెలా రెండో శనివారం ఉదయం 11 గంటలకు 33ఏ గదిలో, ఆ రెండువైపుల పలక దగ్గర ఉంటాను. పిల్లలను తీసుకురండి. పెద్దవాళ్లు కూడా రండి, రాయిని గుర్తుపట్టేది మీరే.

మా తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కొడుకు కోర్సు మార్చలేదు, ఈయన మార్చమని మళ్లీ అడగలేదు. పోయిన నెల ఊరెళ్లి వచ్చాడు. పచ్చళ్ల డబ్బాల మధ్య, పాత తువ్వాలులో చుట్టి, అరచేయంత నాపరాయి ముక్క ఒకటి తెచ్చాడు. పిల్లవాడు దాన్ని సగం నీళ్లలో, సగం గాల్లో ఉండేలా గ్లాసులో పెట్టి కిటికీ దగ్గర ఉంచాడు. రోజూ ఫోటో తీసి, తేదీ రాసుకుంటున్నాడు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

పల్నాడు నుంచి వచ్చి లండన్‌లో ఉంటున్న ఒక మ్యూజియం ఉద్యోగిని